చెరువుగట్టు దారిలో మాకు అండగా నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

కారు రిపేరు పైసల విషయం మొత్తానికి తేలిపోయింది. చివరి కిస్తీ మొన్న అకౌంట్‌లో పడింది. మాకు సాయపడినవాళ్ల గురించి పదిమందికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

అమావాస్యకు చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనం చేసుకుని నల్లగొండ వస్తుంటే వెనక నుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. కారులో అమ్మ, పిల్లలు ఉన్నారు. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. డిక్కీ డోరు లోపలికి పోయింది, బంపర్ ఊడి రోడ్డు మీద పడింది. ట్రాలీ నడిపే అబ్బాయిని ఇన్సూరెన్స్ అడిగితే తల దించుకున్నాడు. ఎప్పుడో అయిపోయిందట.

జనం పోగయ్యారు. నాలుగు తగిలించమని ఒకరు, బండి గుంజుకోమని ఇంకొకరు. పక్కనున్న టీ హోటల్ అన్న వచ్చి, "లొల్లి తర్వాత పెట్టుకుందురు, బండ్లు కదలకముందే ఫోటోలు తీయండి" అన్నాడు. నా చేతులు వణుకుతుంటే చూసి తనే తన ఫోన్‌లో రెండు నంబర్ ప్లేట్లు, రోడ్డు మీది బ్రేకు గీతలు, ఊడిన బంపర్ తీసి వాట్సాప్‌లో పంపాడు. అమ్మను నీడలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, పైసలు ఇస్తే తీసుకోలేదు. అన్నా, తర్వాత మాకు ఆధారమైనవి ఆ ఫోటోలే.

స్టేషన్‌లో కానిస్టేబుల్ గారు ఇద్దరి మాటా ఓపికగా విని జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ రికార్డులో, రాయించారు. ఎవరినీ గదమాయించలేదు.

ఇంటికొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ఇన్సూరెన్స్‌లో పనిచేసి రిటైరైన మా వీధి సార్ కూర్చోబెట్టి లెక్క చెప్పారు. మా సొంత పాలసీలో క్లెయిమ్ చేయొచ్చు. కానీ మాది జీరో డిప్రిసియేషన్ (పాత భాగాలకు తరుగు కోయని) పాలసీ కాదు కాబట్టి బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగం కోసేస్తారు. మూడేళ్లు క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో వచ్చిన 35 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, కూడా పోతుంది. ఒకే నష్టానికి కంపెనీ దగ్గరా, ఆ అబ్బాయి దగ్గరా తీసుకోవడం మాత్రం కుదరదని గట్టిగా చెప్పారు. అందుకే పాలసీ జోలికి పోకుండా ఆ అబ్బాయి వాళ్ల దగ్గరే తీసుకుందామనుకున్నాం. షోరూంలో 46 వేలు అన్న పనిని డెంటింగ్ చేసే పెద్దాయన డోరు మార్చకుండానే సాపు చేసి 31 వేలలో ముగించారు. ఎండలో నిలబెట్టి చూసినా రంగు తేడా తెలియడం లేదు.

ఆ అబ్బాయి నాన్న కౌలు రైతు. "వడ్లు ఐకేపీ సెంటర్‌లో కాంటా అయినయి, పైసలు పడంగనే ఇస్త సారూ" అన్నాడు. ఆయన మాట మీద నాకు నమ్మకమే. అయినా నోటి మాటతో వదిలేస్తే రేపు ఇద్దరికీ పరేషాన్ అని లాయర్ మేడం మమ్మల్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చని, ఫీజు ఉండదని, అక్కడి అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానమని, దాని మీద అప్పీలు ఉండదని ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పారు. ఎంత, ఏ తేదీలోపు, ఎన్ని కిస్తీలు అన్నీ కాగితం మీదికి ఎక్కాయి. మేడం నా దగ్గరే కాదు, ఆ రైతు దగ్గర కూడా రూపాయి తీసుకోలేదు.

ఆ పెద్దమనిషికీ దండం పెట్టి చెప్పుకోవాలి. గడువు కంటే ముందే కట్టేశాడు. ట్రాలీకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా చేయించాడు. లేకుండా పట్టుబడితే మొదటిసారికే 2,000 జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని మేడం చెప్పిన మర్నాడే ఆ పని చేశాడట.

ఇలాంటి ఇబ్బందిలో ఎవరైనా ఉంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. నన్ను అడిగినా మేం రాసుకున్న కాగితంలో పేర్లు తీసేసి నమూనా పంపిస్తాను.