బీల మీద పుస్తకాన్ని బీల గట్టునే ఆవిష్కరించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా జిల్లా చిత్తడి నేలల మీద వచ్చిన ఒక పుస్తకం ఆవిష్కరణకు కిందటి నెల విశాఖపట్నం వెళ్లాను. నాతో మా ఊరి రైతు ఒకాయన వచ్చాడు. పుస్తకంలో బీల అని మేం పిలుచుకునే మా సోంపేట చిత్తడి నేల మీద ఒక అధ్యాయం ఉందని తెలిసి ఆయనే నన్ను బయల్దేరదీశాడు. తెల్లవారుజామున రైలెక్కి, సభ వేళకు ముందే హాల్లో కూర్చున్నాం.

సభ గంటన్నర ఆలస్యంగా మొదలైంది. వేదిక మీద తొమ్మిది మంది. ఒక్కొక్కరికీ శాలువా, పూలగుత్తి, జ్ఞాపిక. రంగుకాగితం చుట్టి రిబ్బను కట్టిన పుస్తకాలు విప్పి, ఫొటోలు దిగేసరికి భోజనాల వేళయింది. వెనక పెద్ద ఫ్లెక్సీ, అతిథుల ముందు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. పుస్తకంలో ఏముందో మాట్లాడుకున్నది చివరి పావుగంట మాత్రమే. 2010 జూలై 14న థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ బీలలో నిలబడిన వాళ్లలో మా రైతు ఒకడు. పోలీసు కాల్పులు కళ్లారా చూసిన మనిషి. ఆ రోజు గురించి వేదిక మీద ఇద్దరు మాట్లాడారు. ఆ మనిషి మూడో వరసలో ఉన్నాడని వాళ్లకు తెలియదు. సభకు వచ్చినవాళ్లలో బీల ఊళ్ల వాళ్లున్నారా అని అడిగినవాళ్లూ లేరు. నాకు చాలా బాధ కలిగింది.

రచయిత చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. ఎండనపడి తిరిగి రాసిన పుస్తకమని చదివితే తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ అధ్యాయం పైకి చదివాను. మా రైతు రెండుచోట్ల ఆపాడు. "గెడ్డ నీరు బీలలోకి దిగేది అటునుంచి కాదు మేస్టారూ" అన్నాడు. వాగును మా వైపు గెడ్డ అంటారు. తుంగ ఎప్పుడు కోస్తారో, నీరు తగ్గాక ఏ చేప ఎక్కడ దొరుకుతుందో, పశువుల్ని ఏ నెలలో ఎటు తోలతారో పలాస దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆ మాటలు రచయిత చెవిన పడి ఉంటే రెండో ముద్రణకు ఎంత మేలు జరిగేదో!

ఇది మా ఒక్క ఊరి మనసు నొచ్చుకున్న సంగతి కాదు కాబట్టే మీకు రాస్తున్నాను. ప్రాజెక్టు కాగితాల్లో పనికిరాని నేలగా చూపించిన బీల, వేల మందికి తిండి పెట్టే చిత్తడి నేల అని చెప్పి నిలబడ్డది ఇక్కడి రైతులు, మత్స్యకారులు. కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి రిలే దీక్షలు సాగాయి. ఇంత కథ ఉన్న నేల మీద వచ్చిన పుస్తకం ఆ నేల మనుషుల చేతికి ముందు అందాలి కదా. ఉద్దానం కిడ్నీ జబ్బుల మీద రాసినా, పటాన్‌చెరు నక్కవాగు మీద రాసినా, కొల్లేరు మీద రాసినా నాది ఇదే విన్నపం. మొదటి సభ అక్కడ పెట్టండి. నగరంలో సభ తర్వాత పెట్టుకోవచ్చు.

ఊళ్లో సభకు ఎవరొస్తారని అడిగేవాళ్లున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు ఏటా పాత పంటల జాతర చేస్తారు. ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతుంటే జనం ఎదురొచ్చి స్వాగతం చెబుతారు. ఇంకా వెనక్కి వెళితే, 1935లోనే గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవులో పడవ ఆగితే పుస్తకం చేతికొచ్చేది. ఇప్పుడు మనకు పడవ కూడా అక్కర్లేదు. శాఖా గ్రంథాలయాలున్నాయి. ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఒక రోజు ఆ ప్రాంతపు నీటి మీదో, అడవి మీదో వచ్చిన పుస్తకానికి కేటాయించమని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. మా జిల్లాలో అప్పటికి తేలినీలాపురానికి గూడబాతులు వచ్చేసి ఉంటాయి. అక్కడివాళ్లు ఆ పక్షుల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. పక్షుల మీద పుస్తకానికి అంతకన్నా మంచి చోటు నాకు తోచడం లేదు.

ఖర్చు మాట కూడా చెప్పాలి. గుడ్డ మీద రాయించిన బ్యానరు పదిసార్లు పనికొస్తుంది. కుండలో నీళ్లు, స్టీలు గ్లాసులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా పల్చటి పీవీసీ ప్లాస్టిక్ బ్యానర్ల మీద నిషేధం ఉంది. కనీసం పర్యావరణం పేరుతో జరిగే సభలోనైనా దాన్ని పాటించాలి. తొమ్మిది శాలువాల డబ్బుతో ఎన్ని ప్రతులు మండలంలోని హైస్కూళ్లకు ఇవ్వవచ్చో నిర్వాహకులు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. రెండు వందలు, మూడు వందలు పెట్టి పుస్తకం కొనడం కూలికి వెళ్లే ఇంట్లో జరిగే పని కాదు.

మీ పత్రికకూ ఒక మనవి. ఆవిష్కరణ వార్తలో వేదిక మీది పేర్లన్నీ వేస్తారు. పుస్తకం ఏ ఊరి గురించో, ఏం చెబుతుందో రెండు వాక్యాలైనా ఉండవు. దయచేసి వేయండి. ఊళ్లో జరిగే సభల్ని జిల్లా పేజీలో ముందురోజే ప్రకటించండి.

ఆ రచయిత ఈ లేఖ చూస్తే మా మాటగా చెబుతున్నాను. ఈ నవంబరులో మా ఊరు రండి. మైకు, తుంగచాపలు, మధ్యాహ్న భోజనం మేం చూసుకుంటాం. గెడ్డ నీరు ఎటునుంచి దిగుతుందో మా రైతు దగ్గరుండి తీసుకెళ్లి చూపిస్తానంటున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.