ప్లేస్‌మెంట్ల ముందు వారం రోజుల శిక్షణ చాలదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది రైతుల ఇళ్ల నుంచి, జూట్ మిల్లు కార్మికుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. చదువులో ఎవరికీ తీసిపోరు. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేసరికి మాత్రం నోరు పెగలదు.

ఈమధ్య మాక్ ఇంటర్వ్యూలో ఒక కుర్రాడిని, త్రీఫేజ్ మోటారుకు స్టార్టర్ ఎందుకని అడిగాను. ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. "తెలుగులో చెప్పు నాన్నా" అన్నాను. చాక్‌పీస్ అందుకుని స్టార్-డెల్టా స్టార్టర్ బొమ్మ గీశాడు. మోటారు తిరగడం మొదలెట్టినప్పుడు కరెంటు ఎందుకు ఎక్కువ లాగుతుందో, ఒక ఫేజు పోతే తమ పొలంలో బోరు మోటారు ఎలా కాలిపోయిందో గడగడా చెప్పేశాడు. వాడికి విషయం రాదని ఎవరనగలరు?

ఇలాంటి పిల్లలకు మనం ఇస్తున్నదేమిటి? ఫైనలియర్‌లో వారం రోజుల సాఫ్ట్ స్కిల్స్ క్లాసులు, 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్'కు బట్టీ పట్టించిన జవాబు, చివర్లో ఒక సర్టిఫికెట్. పదిమంది వరుసగా ఒకే జవాబు అప్పజెబుతుంటే వినడానికే బాధగా ఉంటుంది.

సాఫ్ట్ స్కిల్స్ అంటే ఎదుటివాడు చెప్పేది వినడం, మనకు తెలిసింది అతనికి అర్థమయ్యేలా చెప్పడం, నలుగురితో కలిసి పనిచేయడం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానాన్ని ముంచేసినప్పుడు కరెంటు స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. అలాంటి రోజున తాగునీటి మోటార్లకు ముందు కరెంటు ఎందుకు ఇవ్వాలో, మీ వీధికి ఎప్పుడొస్తుందో కోపంగా ఉన్న జనానికి ఓపిగ్గా చెప్పగలిగిన ఇంజనీరే కావాలి. ఆ మాట శ్రీకాకుళం తెలుగులోనే చెప్పాలి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డు అనే ఒప్పందంలో 2014లో మన దేశం పూర్తి సభ్యత్వం తీసుకుంది. ఇంజనీరుకు ఉండాల్సిన లక్షణాల్లో జట్టు పనిని, కమ్యూనికేషన్‌ను ఆ ఒప్పందం కూడా చేర్చింది.

అందుకే మా విన్నపం: ఈ శిక్షణ మొదటి ఏడాది నుంచే, ప్రతి సెమిస్టర్‌లో, కాలేజీ సొంత అధ్యాపకులతో జరగాలి. విద్యార్థి ఊళ్లోకి వెళ్లి అక్కడి సమస్యను అధ్యయనం చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇప్పటికే సిలబస్‌లో ఉంది. చాలాచోట్ల అది రిపోర్టు బైండింగుతో సరిపోతోంది. ఆ రిపోర్టును విద్యార్థి ముందు గ్రామ సచివాలయంలో ఊరివాళ్లకు తెలుగులో వివరించాలి, తర్వాత కాలేజీలో ఇంగ్లిష్‌లో చెప్పాలి. మార్కులు రెండు చోట్లా వేయాలి. వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఈ మేరకు ఉత్తర్వులు ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
విజయనగరం జిల్లా నుంచి ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడు