అమ్మింది డానా 80, ఇంటికొచ్చింది డానా 70

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ బండి ప్రకటన నాకు డాలస్‌లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కనబడింది. ప్రకటన తెలుగులో ఉంది, బేరం తెలుగులోనే ఆడుకున్నాం, టీ కూడా మన టీయే ఇచ్చారు. అందుకే ఈ ఫిర్యాదు తెలుగులో రాస్తున్నాను. ఇదే సంగతి ఇంగ్లీషులోనూ రాసి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాను. అది కాగితాల కోసం. ఇది మీరు చదవడం కోసం.

మార్చి 8న మీ దగ్గర 2001 డాడ్జ్ రామ్ 2500 కొన్నాను. కమిన్స్ 5.9 డీజిల్, 24 వాల్వుల ఇంజిన్, అయిదు గేర్ల మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్. 14,500 డాలర్లు ఒకేసారి కట్టేశాను. ఇంజిన్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎంత చలి పొద్దునైనా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. నా గొడవంతా వెనక యాక్సిల్ గురించే.

మీ ప్రకటనలో ఉన్న మాటలు ఇవి: ‘ఫ్యాక్టరీ డానా 80 వెనక యాక్సిల్, 3.54 రేషియో, లిమిటెడ్ స్లిప్.’ అంటే డానా కంపెనీ వాళ్ల పెద్ద యాక్సిల్ (70 దానికంటే చిన్నది), చక్రాలు ఒక చుట్టు తిరగాలంటే డ్రైవ్‌షాఫ్టు 3.54 చుట్లు తిరగాలి, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందుతుంది. స్క్రీన్‌షాట్ జత చేశాను. ఆ ఒక్క వాక్యం చూసే నేను రెండు గంటలు డ్రైవ్ చేసి మీ దగ్గరికి వచ్చాను. మాకు కాఫ్‌మన్ దాటాక 22 ఎకరాలు ఉంది. మేకలు పెంచుతున్నాం, ఎండుగడ్డి తోలుకోవాలి. గుండ్రటి మోపు ఒక్కోటి సుమారు వెయ్యి పౌండ్లు తూగుతుంది. ట్రైలరు మీద ఎనిమిది వేస్తే ట్రైలరు బరువుతో కలిపి పదివేలు దాటిపోతుంది. మా నాన్న గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఇంజిన్ ఎంత గట్టిదైనా బరువు లాగేది యాక్సిల్ లోపలి పళ్ల చక్రాల జత, అంటే క్రౌన్ పినియనేనని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మొదటి అనుమానం హైవే మీదే వచ్చింది. టాప్ గేర్‌లో 65 మైళ్ల మీద పోతుంటే ఇంజిన్ ఆర్‌పీఎం ముల్లు 2,150 దగ్గర నిలబడింది. ఈ టైర్లకి, ఈ గేర్‌బాక్స్‌కి 3.54 ఉంటే 1,900 దాటకూడదు. టైర్లు చిన్నవేసి ఉంటారేమో అనుకుని సైజు చూశాను, సరిగ్గానే ఉంది. స్పీడోమీటరు తప్పేమో అని ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చూశాను, అదీ సరిగ్గానే ఉంది. స్పీడు సరిగ్గా చూపించడంతో నేనూ ఇంకో నెల మోసపోయాను. ఈ తరం డాడ్జ్‌లలో స్పీడు సెన్సరు వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో క్రౌన్ పినియన్ ఉండే చోటు) మీదే ఉంటుంది. చక్రాలతో పాటు తిరిగే పళ్లను అది లెక్కపెడుతుంది. లోపల క్రౌన్ పినియన్ ఏది మార్చినా దానికి తెలియదు. యాక్సిల్ మార్చినవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో గాని, బాగా కలిసొచ్చింది.

ఏప్రిల్‌లో వానలు పడ్డాయి. ఇక్కడి నేల అచ్చం మన నల్లరేగడి. ఎండితే బీటలు, తడిస్తే బూట్లు కూడా ఊడదీసుకుంటుంది. ఖాళీ ట్రైలరుతో గేటు దగ్గర దిగబడితే ఫోర్ వీల్ వేసి బయటికి తీశాను. బురదలో ఏమీ తెలియలేదు. కంకర రోడ్డెక్కి తిన్నగా పది గజాలు పోయానో లేదో, బండి గుర్రంలా ఎగరడం మొదలుపెట్టింది. ముందు టైర్లు కంకరని గీరుతున్న చప్పుడు స్పష్టంగా వినబడుతోంది. ఇలాంటి ఫోర్ వీల్ బండి గట్టి నేల మీద మలుపు తిప్పితే పట్టేయడం మామూలే, దాన్ని తప్పు పట్టను. తిన్నగా పోతుంటే పట్టేయకూడదు. లీవరు టూ వీల్‌లోకి రాలేదు. నాలుగడుగులు రివర్సు పోతేగాని ఊడలేదు.

ఆ సాయంత్రమే షెడ్డులో జాకీ పెట్టాను. మిగతా చక్రాలకు దిమ్మలు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, వెనక ఒక్క చక్రమే లేపాను. లిమిటెడ్ స్లిప్ అయితే ఒక చక్రం నేల మీద ఉండగా రెండోది అంత తేలిగ్గా తిరగదు. ఇది బొంగరంలా తిరిగింది. అంటే మీ ప్రకటనలో మూడో మాట అక్కడే పోయింది. డ్రైవ్‌షాఫ్టు మీద సుద్దముక్కతో గీత పెట్టి, మా అబ్బాయిని కింద కూర్చోబెట్టి, చక్రాన్ని రెండు చుట్లు తిప్పాను. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం కదలకుండా ఉంటే రెండోదాన్ని రెండు చుట్లు తిప్పాలి, అప్పుడే లెక్క కుదురుతుంది. 3.54 అయితే షాఫ్టు మూడున్నర చుట్లు తిరగాలి. ‘నాలుగయ్యాయి నాన్నా, ఇంకా కొంచెం పోయింది’ అన్నాడు వాడు. మళ్లీ తిప్పాం. మళ్లీ నాలుగు, పైన కొంచెం. అది 4.10.

ముందు యాక్సిల్‌కూ అదే పరీక్ష చేస్తే 3.54 వచ్చింది. అంటే ఫోర్ వీల్ వేసినప్పుడల్లా వెనక చక్రాలు వంద అడుగులు పోయే లోపు ముందు చక్రాలు దాదాపు 116 అడుగులు పోదామని చూస్తున్నాయి. ఆ 16 అడుగుల తేడా ఎక్కడికి పోతుంది? టైర్లలోకి, కీళ్లలోకి, ముందు వెనక యాక్సిళ్లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని చైన్‌లోకి. ఆ రోజు కంకర రోడ్డు కాక సిమెంటు రోడ్డయితే ఏదో ఒకటి విరిగేది.

తర్వాత వైరు బ్రష్షు తీసుకుని యాక్సిల్ కిందకి దూరాను. మీరు అమ్మేముందు అడుగంతా నల్ల రంగు కొట్టించారు. బ్రేకు గొట్టం మీద, రబ్బరు బుష్షుల మీద కూడా రంగు ఉంది. ఎండిన బురద మీదే కొట్టినట్టున్నారు, గీకితే పెచ్చులుగా ఊడింది. హౌసింగ్ పోతలోనే అంకె పోసి ఉంటుంది. రంగు ఊడాక వేలు పెట్టి తడిమితే ముందు సున్నా తగిలింది, దాని పక్కన ఏడు. 70. ఇక కమాన్ పట్టీలను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు చూడండి. బండి వయసు ఇరవై ఏళ్ల పైమాటే, బోల్టుల మరలు మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తున్నాయి. ఈ మధ్యే ఎవరో ఈ యాక్సిల్ దించి ఎక్కించారు.

మీ ప్రకటనలో వెనక నుంచి తీసిన ఫొటో ఉంది, అందులో మూతకి పది బోల్టులు కనబడతాయి. డానా 70కీ పదే, డానా 80కీ పదే. ఫొటో చూసి ఎవరూ తేడా చెప్పలేరు. తేడా లోపల ఉంది. 80లో క్రౌన్ చక్రం పదకొండుంపావు అంగుళాలు, 70లో పదిన్నర. ముప్పావు అంగుళమే కదా అంటారేమో, అది బరువు లాగే పళ్ల సైజు.

ఏప్రిల్ 22న మీ సేల్స్ అబ్బాయికి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. ‘అన్నా, 2500 అయినా 3500 అయినా కింద అంతా ఒకటే అన్నా, బ్యాడ్జి తేడా అంతే’ అన్నాడు. అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. వేరే బండ్ల గురించి చెప్పాడంతే. ఫోర్డ్‌లో 1999 నుంచి చాలా ఏళ్లు ఎఫ్-250, సింగిల్ చక్రాల ఎఫ్-350 రెండింటికీ వెనక అదే స్టెర్లింగ్ 10.5 యాక్సిల్ (అంకె క్రౌన్ సైజు, అంగుళాల్లో) ఉండేది, తేడా ముఖ్యంగా కమాన్ల కింద పెట్టే దిమ్మ ఎత్తులోనే. షెవ్రొలే 2500 హెచ్‌డీ, 3500ల డీజిల్ బండ్లకు 2001 నుంచి పద్నాలుగు బోల్టుల 11.5 యాక్సిల్ వచ్చింది. డాడ్జ్ డీజిల్ కూడా 2003 నుంచి ఆ 11.5కే మారింది. వాటి గురించి అయితే మీ అబ్బాయి మాట ఒప్పుకుంటాను.

నాకు అమ్మింది 2001 డాడ్జ్. 1994 నుంచి 2002 వరకు ఈ బండ్లలో లెక్క వేరు. ఇంకా ఎక్కువ బరువు లాగే 3500కి డానా 80. 2500 డీజిల్‌కి మాన్యువల్ గేర్లుంటే డానా 80, ఆటోమేటిక్ అయితే డానా 70. బ్యాడ్జి ఒకటే, కింద మాత్రం గేర్‌బాక్స్‌ని బట్టి మారిపోతుంది. ఎందుకంటే ఈ అయిదు గేర్ల పెట్టెలో ఫస్ట్ గేరు 5.61. ఇంజిన్ 460 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) ఇస్తే ఫస్ట్‌లో షాఫ్టు మీదకి 2,500 పైచిలుకు వస్తుంది. ఆటోమేటిక్‌లో ఫస్ట్ 2.45 మాత్రమే, కన్వర్టరు కొంత పెంచుతుంది గాని దెబ్బలా మీద పడదు. బరువు ట్రైలరుతో క్లచ్ వదిలేవాడికి పెద్ద క్రౌన్ కావాలనే కంపెనీ వాళ్లు 80 పెట్టారు. ఇప్పుడు నా దగ్గరున్నది మాన్యువల్ పెట్టె వెనక ఆటోమేటిక్ బండికి పెట్టే యాక్సిల్. డాడ్జ్ షోరూములో విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) ఇచ్చి, ఫ్యాక్టరీలో ఏమేం వేశారో చెప్పే బిల్డ్ షీట్ తీయించాను. ఈ బండి ఫ్యాక్టరీ నుంచి డానా 80, 3.54, లిమిటెడ్ స్లిప్‌తోనే బయటికొచ్చింది. మీ ప్రకటన ఆ కాగితం చూసే రాసినట్టుంది, కింద దూరి ఎవరూ చూడలేదు. లేదా చూశారు. ఆ రెండింటిలో ఏదో నేను తేల్చలేను. తేల్చాల్సింది మీరే.

మే 3న మళ్లీ ఫోన్ చేస్తే ‘యాజ్ ఈజ్ అని సంతకం పెట్టారు కదా’ అన్నారు, అంటే ఉన్నదున్నట్టు, వారంటీ లేకుండా అని. పెట్టాను. కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్‌లో ఆ గడికి టిక్ ఉంది, చదివే పెట్టాను. రేపు క్లచ్ పోతే, టర్బో పోతే మీ గుమ్మం తొక్కను. కానీ వారంటీ లేదనడం వేరు, లేని వస్తువు ఉందని రాసి అమ్మడం వేరు. టెక్సాస్ వినియోగదారుల చట్టం కింద దావా వేయాలంటే 60 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో వచ్చేది ఆ నోటీసే. మోటారు వాహనాల శాఖలో డీలరు లైసెన్సు మీద ఫిర్యాదు ఫారం కూడా నింపి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మీ ఖర్చుతో మంచి డానా 80, 3.54, లిమిటెడ్ స్లిప్ ఉన్నది తెచ్చి వేయించండి. సెకండ్ హ్యాండ్‌దైనా ఫరవాలేదు, మూత విప్పి పళ్లు చూపించి వేయాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పి చైను చూపించాలి, సాగి ఉంటే మార్చాలి. 3500 నుంచి ఊడదీసిన డబుల్ చక్రాల యాక్సిల్ తెచ్చి సర్దుదామని చూడొద్దు, దాని హబ్బులు వేరు, నా చక్రాలు వాటికి సరిగ్గా కూర్చోవు. ముందు యాక్సిల్‌ని కూడా 4.10కి మార్చేస్తే సరిపోతుంది కదా అని మీ మెకానిక్ అంటాడేమో. ఫోర్ వీల్ గొడవ తీరుతుంది, నిజమే. డానా 70 మాత్రం డానా 70గానే ఉంటుంది. ఇవేవీ కుదరకపోతే బండి తీసుకుని 14,500 వెనక్కివ్వండి.

బండి షెడ్డులోనే ఉంది. నెల రోజులుగా గడ్డి పక్కింటాయన బండిలో తోలుకుంటున్నాను, ఆయనకి ఒక్కో ట్రిప్పుకి 60 డాలర్లు ఇస్తున్నాను, రసీదులు ఉన్నాయి. యాక్సిల్ మీద రంగు గీకిన చోటు అలాగే ఉంచాను, షాఫ్టు మీద సుద్దగీత కూడా చెరపలేదు. ఏ శనివారమైనా మీ మెకానిక్‌ని తీసుకుని రండి, జాకీ నేనే పెడతాను, చుట్లు మీరే లెక్కపెట్టుకోండి.

ఇట్లు,
మార్చి 8న మీ దగ్గర బండి కొన్న కస్టమర్

జతలు: ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, బిల్డ్ షీట్, యాక్సిల్ ఫొటోలు నాలుగు, షాఫ్టు చుట్లు లెక్కపెట్టిన వీడియో, గడ్డి రవాణా రసీదులు