మోకాళ్ల కరపత్రాన్ని దిద్దినవారికి కృతజ్ఞతలు

కీళ్ల అరుగుదల మీద మేం రాసిన కరపత్రం చిత్తుప్రతిని ఓపిగ్గా చదివి, మొహమాటం లేకుండా దిద్దిన ఎముకల డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు, ఎక్స్‌రే టెక్నీషియన్లకు మనసారా కృతజ్ఞతలు. ఏం మార్చారో చెబితేనే ఈ మాటకు విలువ.

మొట్టమొదట కొట్టేసింది "వయసొస్తే గుజ్జు అరుగుతుంది" అన్న మా వాక్యాన్నే. దెబ్బతినేది మృదులాస్థి (ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర, మేం గుజ్జు అన్నది) ఒక్కటే కాదు. దాని కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో ముళ్లలా పెరుగుతుంది, కీలు లోపలి పొర వాస్తుంది. వయసు ఒక కారణం మాత్రమే. అధిక బరువు, లిగమెంట్లకు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలకు) తగిలిన పాత దెబ్బలు, వంశం, దొడ్డికాళ్లు, రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని కూడా కారణాలే. ఒంటి బరువు 1 కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద 4 కిలోల దాకా భారం తగ్గుతుందన్న లెక్క వాళ్లు చేర్చిందే.

పరీక్ష భాగాన్నయితే దాదాపు తిరగరాశారు. మోకాలి చిప్ప మీద అరచెయ్యి ఆనించి, కాలు మెల్లగా వంచి చాపించాలి. అరుగుదల ఉంటే ఇసుక నూరుతున్నట్టు చేతికి కరకర తగులుతుంది. నొప్పి లేకుండా ఎప్పుడో ఒకసారి వినిపించే 'టక్' శబ్దానికి కంగారు పడక్కర్లేదు. కీలు అంచు నొక్కితే ఎముకలా గట్టిగా ఉంటుంది, తాకితే పెద్దగా వేడి ఉండదు. కీలు ఒక్కసారిగా వాచి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే లోపల చీము పట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పొద్దున లేవగానే ఉండే కీళ్ల పట్టు అరుగుదలలో 30 నిమిషాల్లోపు వదులుతుంది. గంట దాటినా వదలకపోతే రుమటాయిడ్‌ను (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే వాతాన్ని) అనుమానించాలి. వేళ్లు చూసినా తేడా తెలుస్తుంది: అరుగుదల గోటి పక్క కణుపుల్లో గట్టి బుడిపెలు తెస్తుంది, రుమటాయిడ్ సాధారణంగా వాటిని వదిలేసి వేళ్ల మొదళ్లనూ మణికట్టునూ పడుతుంది.

ఎక్స్‌రే నిలబెట్టి తీయాలన్నారు. పడుకోబెడితే కీలు సందు ఉన్నదానికంటే వెడల్పుగా కనబడుతుంది. అసలు 45 దాటినవారికి కదిలినప్పుడు నొప్పి, అరగంటలోపు వదిలే పట్టు ఉండి, వేరే అనుమానాలేవీ లేకపోతే అరుగుదల అని ఎక్స్‌రే లేకుండానే చెప్పేయొచ్చు.

మేం పూర్తిగా మరిచింది తుంటి. మోకాలు నొప్పి అంటారు, మోకాలు చూస్తే బాగానే ఉంటుంది. తుంటిలో పుట్టిన నొప్పి మోకాలిలో తెలుస్తుండొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, తుంటినీ మోకాలినీ వంచి, పాదాన్ని బయటివైపుకు జరపాలి. గజ్జలో కలుక్కుమంటే, తిప్పడం కుదరకపోతే, తీయాల్సింది తుంటి ఎక్స్‌రే. దీన్ని గుర్తుచేసిన ఫిజియోథెరపిస్టులకు మరోసారి ధన్యవాదాలు.