షాపు కొనుగోలు రుణంలో మొత్తం, గడువు, వడ్డీ మార్చడంపై ఫిర్యాదు

చెన్నై

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
వాణిజ్య రుణాల విభాగం

అయ్యా,

పురసవాక్కంలో మా భాగస్వామ్య సంస్థ సొంత వ్యాపారం కోసం కొంటున్న షాపుకు మీ బ్రాంచి ముందుగా ఇచ్చిన సూత్రప్రాయ ఆమోద లేఖకూ, తర్వాత వచ్చిన శాంక్షన్ లెటర్‌కూ పొంతన లేదు. మొదటి దాంట్లో వాల్యుయేషన్ (ఆస్తికి కట్టిన విలువ) మీద 70 శాతం రుణం, 15 ఏళ్ల గడువు, రిజర్వు బ్యాంకు రెపో రేటుకు ముడిపెట్టిన 10 శాతం వడ్డీ అన్నారు. రెండో దాంట్లో 60 శాతం, 10 ఏళ్లు, 11.25 శాతం అయ్యాయి. ఈ మధ్యలో మా బ్యాలెన్స్ షీటు మారలేదు, ఆస్తి మారలేదు. మొదటి లేఖను నమ్మే అమ్మేవారికి 15 లక్షలు అడ్వాన్సు ఇచ్చి సేల్ అగ్రిమెంటు రాసుకున్నాం.

షాపు ధర 1.50 కోట్లు. మీ ప్యానెల్ వాల్యుయర్ మార్కెట్ విలువ 1.46 కోట్లని రాశారు. ఆమోదిత ప్లాన్‌లో లేని మెజనైన్‌ను (మధ్య అంతస్తును) లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ తేడా వచ్చింది. అది న్యాయమే, దానిమీద మాకు పేచీ లేదు. లీగల్ ఒపీనియన్ మీద కూడా లేదు. కానీ రుణం లెక్క కట్టింది ఈ 1.46 కోట్ల మీద కాదు. అదే రిపోర్టులో కింద ఉన్న రియలైజబుల్ వాల్యూ, అంటే 1.31 కోట్ల మీద 60 శాతం కట్టి 78.6 లక్షలు మంజూరు చేశారు. త్వరగా అమ్మాల్సి వస్తే ఎంత వస్తుందోనని ముందే 10 శాతం తగ్గించి వేసిన విలువ అది. అదే భయానికి మార్జిన్‌ను (మేం సొంతంగా పెట్టాల్సిన వాటాను) మళ్లీ 30 నుంచి 40 శాతానికి పెంచారు. ఒకే రిస్కుకు రెండుసార్లు కోత పెట్టారన్నమాట. ఇంటి రుణాలకైతే రిజర్వు బ్యాంకు 90, 80, 75 శాతం స్లాబులు పెట్టింది. షాపులకు ఆ స్లాబులు వర్తించవు, మీ బోర్డు పాలసీయే కొలత. ఆ శాతాన్ని ఏ విలువ మీద కట్టాలని ఆ పాలసీలో ఉందో మాకు రాతపూర్వకంగా చెప్పండి.

మొదటి లేఖ ప్రకారం రావలసింది 1.02 కోట్లు. స్టాంపు డ్యూటీ 7, రిజిస్ట్రేషన్ 2 శాతం కలిపి 13.5 లక్షలు ఎలాగూ మా చేతి డబ్బే. దానితో కలిపి మేం సిద్ధం చేసుకున్నది సుమారు 61 లక్షలు. ఇప్పుడు దాదాపు 85 లక్షలు కావాలి. ఆ తేడాను వర్కింగ్ క్యాపిటల్‌లోంచి తీస్తే షాపు ఉంటుంది గానీ అందులో పెట్టడానికి సరుకు ఉండదు.

తిరిగి కట్టే స్తోమత చాలదని బ్రాంచిలో నోటిమాటగా చెప్పారు. ఆ లెక్క కూడా చూడండి. మీ అప్రైజల్ నోట్ ప్రకారమే అప్పు తీర్చడానికి మాకు ఏటా మిగిలేది 16.5 లక్షలు. డీఎస్‌సీఆర్ (ఆ మిగులు ఏడాది వాయిదాలకు ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) 1.25 ఉండాలంటే ఏడాదికి 13.2 లక్షలు, నెలకు 1.10 లక్షల వాయిదా మోయగలం. పదేళ్లకు 11.25 శాతం చొప్పున లక్షకు వాయిదా 1,392 రూపాయలు, అంటే ఆ స్తోమతకు 79 లక్షలే వస్తాయి. పదిహేనేళ్లకు 10 శాతమైతే లక్షకు 1,075, అదే స్తోమతకు 1.02 కోట్లు వస్తాయి. స్తోమత తగ్గలేదు, గడువూ వడ్డీ మార్చి పరిమితిని మీరే తగ్గించారు. కొత్త షాపులోకి మారితే మిగిలే 38,000 రూపాయల నెల అద్దెను ఈ లెక్కలో కలపనే లేదు.

వడ్డీ పెంచడానికి చెప్పిన కారణం, ఇది కమర్షియల్ రియల్ ఎస్టేట్ రుణమని. ఇది పొరపాటు వర్గీకరణ. రిజర్వు బ్యాంకు 2009 సెప్టెంబరు 9 నాటి మార్గదర్శకాల ప్రకారం, అప్పు తీరడం ప్రధానంగా ఆ ఆస్తి మీద వచ్చే అద్దె లేదా అమ్మకం డబ్బు మీద ఆధారపడితేనే అది ఆ వర్గం. భవనం వాణిజ్య భవనమైనంత మాత్రాన సరిపోదు. ఈ షాపులో అద్దెదారు ఎవరూ లేరు, వాయిదాలు కట్టేది మా వ్యాపార ఆదాయంతో. ఆ వర్గంలో వేస్తే మీకు 1 శాతం ప్రొవిజన్ (నష్టాలకు ముందుజాగ్రత్తగా పక్కన పెట్టే డబ్బు) పెట్టాల్సి వస్తుంది, చిన్న, సూక్ష్మ సంస్థల రుణానికైతే 0.25 శాతం చాలు. మీ పొరపాటు వల్ల మీకయ్యే ఖర్చును మా వడ్డీలో కలిపారు. మంజూరైన 78.6 లక్షల మీదే ఈ అదనపు వడ్డీ భారం నెలకు సుమారు 5,500, పదేళ్లకు 6.6 లక్షలు.

గడువు సంగతి వేరు. పదేళ్లలో తీరిస్తే మొత్తం వడ్డీ తక్కువ పడుతుందని మాకూ తెలుసు. కానీ ముందే తీర్చే స్వేచ్ఛ ఉంటే పదిహేనేళ్ల రుణాన్ని కూడా పదేళ్లలో ముగించవచ్చు, వ్యాపారం మందగించిన నెలల్లో మాత్రం చిన్న వాయిదా ఆదుకుంటుంది. ఆ స్వేచ్ఛను కూడా శాంక్షన్ లెటర్ 4 శాతం ప్రీపేమెంట్ చార్జీతో మూసేసింది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రేటు వ్యాపార రుణాలపై వాణిజ్య బ్యాంకులు సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి ఈ చార్జీ వసూలు చేయకూడదు. మాది ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ సంస్థ, శాంక్షన్ ఆ తేదీ తర్వాతిది. ఆ క్లాజు తీసేయాలి.

మరొకటి. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో (రుణ షరతులు, చార్జీలు చెప్పే పత్రంలో) లేని 1.9 లక్షల సింగిల్ ప్రీమియం బీమాను రుణ ఖాతాలో కలుపుతామని సంతకానికి కాగితం ఇచ్చారు. మీరు వసూలు చేసే బీమా, లీగల్ చార్జీలు కూడా అందులో చూపే వార్షిక శాతంలో (వడ్డీ, చార్జీలు కలిపిన ఏడాది ఖర్చులో) చేరాలి. స్టేట్‌మెంట్‌లో లేని చార్జీని మా స్పష్టమైన అంగీకారం లేకుండా వేయకూడదు. ఆ అంగీకారం మేం ఇవ్వడం లేదు. భవనానికి అగ్ని ప్రమాద బీమా మేమే తీసుకుని మీ పేరు చేరుస్తాం.

కాబట్టి 1.46 కోట్ల మీద 70 శాతం, 15 ఏళ్లు, సొంత వినియోగ వర్గంలో 10 శాతం వడ్డీతో సవరించిన శాంక్షన్ లెటర్, దానికి తగిన కొత్త కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వండి. కుదరదంటే ఏ నిబంధన వల్ల కుదరదో రాసి, ప్రాసెసింగ్ ఫీజు తిరిగి ఇవ్వండి. మేం వేరే బ్యాంకుకు వెళ్లడానికి వాల్యుయేషన్ రిపోర్టు, లీగల్ ఒపీనియన్ కాపీలు కూడా కావాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాం. అయితే మా అగ్రిమెంటు గడువు అంతకంటే ముందే ముగుస్తుంది, అందుకని గడువు పొడిగించమని అమ్మేవారిని అడగడానికి, దరఖాస్తు పునఃపరిశీలనలో ఉందని ఒక లేఖ ఈ వారంలోనే ఇప్పించండి.

జతపరచినవి: రెండు లేఖల కాపీలు, సేల్ అగ్రిమెంటు, ఉద్యం సర్టిఫికెట్, వాయిదాల లెక్క.

ఇట్లు,
సంస్థ భాగస్వాములు