కూర్మమ్మను ఎక్కడ అప్పగించాలి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా చలికాలం వెళ్ళే రోజుల్లో, మన తూర్పు తీరానికి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ ఫొటోలు పత్రికల్లో చూస్తుంటాం. గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికొచ్చి, ట్రాలర్ల వలల్లో చిక్కి, ఊపిరి కోసం నీటి పైకి రాలేక చచ్చిపోయినవి. ఆ ఫొటో కనబడితే మా అత్తగారు "అయ్యో, కూర్మావతారం" అని చెంపలు వేసుకునేవారు. ఆవిడ అలా అంటున్నప్పుడు ఆవిడ మంచం కిందే ఒక తాబేలు ఉండేది. పద్నాలుగేళ్ళు ఉంది. ఈ ఉత్తరం దాని గురించే.

2009లో మా గృహప్రవేశానికి వస్తూ కదిరి వైపు బంధువులొకరు దాన్ని గుడ్డసంచిలో తెచ్చారు. అరచేతిలో పట్టేంత పిల్ల. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని, ఎవరో కూర్చుని ముగ్గు పెట్టినట్టు ఉండేది. నక్షత్ర తాబేలు. "ఉత్తరం వైపు తిరగనివ్వండి, కలిసొస్తుంది" అన్నారు. ఆ ఏడే మావారికి ప్రమోషన్ వచ్చింది. ఇక దాన్ని పంపించే మాటే ఎవరూ ఎత్తలేదు. కూర్మయ్య అని పేరు పెట్టాం. టమాటాలు, అన్నం, పాలలో నానబెట్టిన రొట్టె, ఏది తింటే అది ప్రేమగానే పెట్టాం. మాది హైదరాబాద్ నల్లకుంటలో మూడో అంతస్తు. బాల్కనీలోకి ఎండ వచ్చేది పొద్దున కాసేపే.

2021 వానాకాలంలో ఒక రాత్రి బాత్రూంలో ఏదో గీరుతున్న చప్పుడైతే లేచి చూశాను. కూర్మయ్య వెనక కాళ్ళతో టైల్స్ మీద తవ్వుతోంది. ఒక కాలు, తర్వాత రెండో కాలు, కాసేపు ఆగడం, మళ్ళీ మొదలు. కింద మట్టి ఉన్నట్టే, మెత్తబడాలని నీళ్ళు వదులుతోంది. మర్నాడు రాత్రీ అంతే. తెల్లవారేసరికి నేల మీద నాలుగు గుడ్లు, రెండు పగిలిపోయి ఉన్నాయి. అది కూర్మయ్య కాదు, కూర్మమ్మ అని మాకు అప్పుడు తెలిసింది. మగతోడు లేనిదాని గుడ్లు, పిల్లలయ్యేవి కావు. ఆ సంగతి దానికి తెలియదు కదా, రెండు రాత్రులు తవ్వింది. కాలి గోళ్ళు అరిగిపోయి ఎర్రబడ్డాయి.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. సముద్రపు తాబేలు వెనక కాళ్ళతో ఇసుక తవ్వి నూరుకు పైగా గుడ్లు పెడుతుందని, గూటి వేడిని బట్టి పిల్లలు ఆడో మగో తేలుతుందని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. మా ఇంట్లో అదే పని చేయబోయి మట్టి దొరక్క గోళ్ళు అరగదీసుకున్న ప్రాణిని పన్నెండేళ్ళు అదృష్టం అనుకున్నాను. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

పశువుల డాక్టరు గారు దాని చిప్ప మీద చెయ్యి పెట్టి చూశారు. గళ్ళన్నీ చిన్న చిన్న గోపురాల్లా లేచి ఉన్నాయి. అంచులు మెత్తగా ఉన్నాయి. అది గడ్డి, ఆకులు, నాగజెముడు పండ్లు తిని ఎండలో తిరగాల్సిన జీవి. ఎండ తగలకపోతే ఒంటికి కాల్షియం పట్టదు, చిప్ప గట్టిపడదు. మేం పెట్టిన తిండీ మేం ఇచ్చిన నీడా దాన్ని అలా చేశాయి.

అత్తగారు ఉండగా పంపలేకపోయాం. 2023లో ఆవిడ పోయాక, ఎక్కడ అప్పగించాలో కనుక్కోవడానికే మాకు నెల పట్టింది. ఒక నంబరువాళ్ళు ఇంకో నంబరు ఇచ్చారు. ఆ రెండోవాళ్ళు "కేసవుతుందమ్మా, దగ్గర్లో ఏదైనా చెరువులో వదిలేయండి" అన్నారు. మావారు బకెట్లో పెట్టుకుని మెట్లు దిగారు కూడా. ఎందుకైనా మంచిదని నేను డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన కేకలేశారు. నక్షత్ర తాబేలు మెట్ట జీవి, దానికి ఈత రాదు, చెరువులో వేస్తే మునిగి చస్తుంది. మన భాషలో సముద్రంలో ఉండేదీ, చెరువులో ఉండేదీ, మెట్టలో ఉండేదీ అన్నీ తాబేళ్ళే. పుణ్యం అనుకుని కోనేట్లో వదిలినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. ఆఖరికి అటవీ సిబ్బంది ఒకరు మర్యాదగానే వచ్చి తీసుకెళ్ళారు. ఆ ఒక్కరి దగ్గరికి చేరడమే కష్టమైంది.

అడవిలో వదిలేస్తే పోలేదా అని మావారు ఆయన్ని అడిగారు. పోదు. ఇళ్ళల్లో పెరిగినవాటికి మనవల్ల అంటిన జబ్బులు అడవిలోని వాటికి సోకుతాయి. పైగా మన దేశపు నక్షత్ర తాబేళ్ళలో వాయవ్య ప్రాంతానివీ, దక్షిణాదివీ జన్యువుల్లోనే వేరువేరని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు తేల్చారు. ఎక్కడ పుట్టిందో తెలియనిదాన్ని ఎక్కడ పడితే అక్కడ వదిలితే ఆ తేడాలు కలగాపులగమైపోతాయి. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పగల శాస్త్రం మన ఊళ్ళోనే ఉంది. తోలూ తలా లేని మాంసం ముక్క పట్టుబడినా డీఎన్‌ఏ చూసి అది ఏ జంతువుదో చెప్పే సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి లాకోన్స్ అనే వన్యప్రాణి సంరక్షణ ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది. మూషిక జింకలను నెహ్రూ జూలో పెంచి మళ్ళీ నల్లమలకు పంపడంలోనూ ఆ శాస్త్రవేత్తల చెయ్యి ఉంది. అంత పని జరిగే ఊళ్ళో ఒక తాబేలును అప్పగించే చోటు మాబోటివాళ్ళకు తెలియదు.

ఒక్క ఇంట్లో ఒక్క తాబేలే కదా అనుకోవద్దు. 2015లో అచ్చయిన ఒక పరిశోధన దేశంలో ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయని లెక్క కట్టింది. ఆలివ్ రిడ్లీలా ఇది నూరు గుడ్లు పెట్టదు. ఒక విడతకు వేళ్ళ మీద లెక్కపెట్టేవే. ఆడది ఈడుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. పట్టుకుపోయినంత వేగంగా అవి పుట్టలేవు. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా ఆపేలా దీన్ని సైటిస్ అనే వన్యప్రాణుల వ్యాపార ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు. 2022 సవరణతో మన వన్యప్రాణి చట్టంలోనూ మొదటి షెడ్యూలులోకి వచ్చింది. ఇంట్లో పెట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ళ దాకా జైలు. చట్టం గట్టిగా ఉండాల్సిందే. కానీ ఆ భయంతోనే జనం తాబేళ్ళను చెరువుల్లో పడేస్తున్నారు.

మీ పత్రికను నేను కోరేది చిన్నది. మీ వాస్తు శీర్షికలో ఉత్తర దిక్కున తాబేలు అని రాసినప్పుడల్లా, ఇత్తడిదో రాతిదో చాలు, ప్రాణమున్నది నేరం అని పక్కనే ఒక్క వాక్యం వేయండి. అలాగే, తెచ్చి ఇచ్చినవాళ్ళ పేరు అడగకుండా తీసుకునే చోటు ఒకటి, ఎత్తి జవాబు చెప్పే ఫోన్ నంబరు ఒకటి అటవీ శాఖ దగ్గర పట్టుబట్టి సంపాదించి, పాఠకులకు కనబడేలా కొన్ని నెలలపాటు వేయండి. తీరంలో చనిపోయిన తాబేలు ఫొటో కిందే వేస్తే ఇంకా మంచిది.

త్వరగా వేయండి. మా వీధిలో నాకు తెలిసినవే ఇంకా మూడు ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళలో ఒకావిడ నిన్న సాయంత్రం వచ్చి, "మీరు ఎవరికిచ్చారండీ?" అని గొంతు తగ్గించి అడిగి వెళ్ళింది.

(నా పేరు వేయవద్దని మనవి.)

ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నల్లకుంట, హైదరాబాద్