బస్ స్టేషన్‌లో పక్కన కూర్చున్న అమ్మగారికి

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం, విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు బస్సు కోసం ఎదురుచూస్తూ, బిగుసుకుపోయిన వేళ్లతో నీళ్ల సీసా మూత తిప్పలేక అవస్థపడుతున్న నన్ను చూసి, అడగకుండానే మూత తీసి ఇచ్చిన అమ్మగారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

నాలాగే మీకూ రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి బిగుసుకుపోయే కీళ్లవాతం, ఉందని మీ వేళ్లు చూశాకే నాకు అర్థమైంది. మంగళగిరి నేత గుడ్డతో కుట్టుకున్న చిన్న సంచిని మీరు నా ఒడిలో పెట్టి, రెండు గుప్పిళ్ల బియ్యాన్ని పెనం మీద సన్నని సెగన వేడిచేసి అందులో పోయాలని, మోచేతి లోపలివైపు ఆనించి వేడి చూసుకున్నాకే వేళ్లకు కాపడం పెట్టాలని, కీళ్లు వాచి ఎర్రబడిన రోజున మాత్రం కాపడం మాని చల్లని తడిగుడ్డ చుట్టాలని ఎంతో ఓపికగా చెప్పారు. అట్లకాడ పిడికి పాత తువ్వాలు ముక్క చుట్టి దారంతో బిగించమన్నదీ మీరే. లావైన పిడిని పట్టుకోవడానికి వేళ్లను అంతగా ముడవనక్కరలేదు కనుక, నెలల తరువాత మా ఇంట్లో నా చేత్తో అట్లు తిరగేశాను.

ఇవేవీ మందుకు బదులు కావనీ, ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మందును వారానికి ఒక్కరోజే వేసుకోవాలనీ, ఆ రోజును క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టుకోమనీ మరీ మరీ హెచ్చరించారు. ఆ మాట నాకు అన్నిటికంటే విలువైనది.

బస్సు రావడంతో మీ పేరైనా అడగలేకపోయాను. మీరిచ్చిన సంచి ప్రతి ఉదయం నా చేతుల్లోనే ఉంటోందమ్మా.